గడప పక్కన ఉప్పు, బొగ్గుల గుంట

తాండూరు,
ఆదివారం

అక్కకు చెల్లెలు సుశీల దండాలు.

ఇక్కడ మేనత్త, మామ, నేను కులాసాగా ఉన్నాం. అమ్మ నడుం నొప్పి తగ్గిందా? నాన్న దగ్గు ఎలా ఉంది? నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వికారాబాద్ హాస్టల్ అన్నం మరిచిపోయి మళ్లీ జొన్నరొట్టెకు అలవాటు పడ్డాను. ఇక్కడి నాపబండల గనుల దుమ్ముకు జుట్టు తెల్లబడుతోంది, అంతే.

ఇక్కడి నుంచి అమ్మకు చదవకు. వచ్చినప్పటి నుంచి భయంగానే ఉంది. అత్త మంచిదే, కానీ పెందలాడే కందీలు దీపం ఆర్పేస్తుంది. చదువు సాగడం లేదు. మెట్రిక్ తప్పితే ధారూర్‌లో మన ఇంటికొచ్చి కూర్చోవాల్సిందే కదా. అందుకే ఇంటికి కరెంటు వస్తుందని మామ అన్నప్పుడు సంతోషం పట్టలేక చాటుకు పోయి ఏడ్చాను.

మొన్న వైర్‌మ్యాన్ వచ్చాడు. సేడం వైపు మనిషి. వసారా గోడకు చెక్క కొట్టి మీటరు, ఇనప పెట్టెలో మెయిన్ స్విచ్చి బిగించాడు. అత్త మురిసిపోతూ చూసింది. తర్వాత అతను గడప పక్కన బండ లేపి, గుంట తవ్వి, అందులో బొగ్గులు, ఉప్పు పోశాడు. అత్త మొహం మారిపోయింది.

"ఏందయ్యా, మా ఇంటి ముంగట చేతబడి చేస్తున్నవా? తియ్యి గవి," అంది.

ఆ ఎర్త్ గుంట లేకుండా కరెంటు ఇవ్వనని అతను, గుంట ఉంటే ఇంట్లో కాలు పెట్టనని అత్త. మామ బీడీ ముట్టించి ఎటో చూస్తూ కూర్చున్నాడు. అతను సామాను సర్దుకున్నాడు. ఇప్పుడు పోతే మళ్లీ మా వంతు ఎప్పుడో.

నాకు తెలుసక్కా. వికారాబాద్ బడిలో సైన్సు టీచరు ఇలాంటి గుంటే చూపించింది. ఇంగ్లీషు బడి పిల్ల పెద్దలకు ఎదురు చెప్పిందంటారని నోరు పెగల్లేదు. అతను నిచ్చెన భుజానికెత్తుకున్నాక ఎలాగో మాట వచ్చింది.

"అత్తా, గది చేతబడి కాదు. పెట్టెకు కరెంటు తాకితే మనల్ని పట్టకుండ భూమిలకు పోనీకి పెడ్తరు. మా బడిల గూడ ఉండె. దినాం నీళ్లు పోస్తుంటిమి."

అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది. నేను నేల చూశాను.

"నీ నోట్లె నాలుకే లేదనుకున్న. ముందుగాల చెప్తే ఏం పోయె బిడ్డా?" అంది.

అతను నిచ్చెన దించాడు. సాయంత్రానికి బల్బు వెలిగింది. అత్త తనే చెంబుతో గుంటలో నీళ్లు పోసింది. ఇంకా అనుమానమేమో, చుట్టూ ముగ్గేసి మధ్యలో ఓ నిమ్మకాయ కూడా పెట్టింది. నేను బల్బు కింద పుస్తకం తెరిచాను.

ఎవరైనా ఇటు వస్తుంటే నా అట్లాసు, నీలం లంగా పంపు. ఏం రాస్తున్నావని అత్త ఇప్పుడే అడిగింది. "మా అన్నకు, మీ నాయినకు గూడ రాయి, పిల్ల ఈడ్నే ఉండి మెట్రిక్ పాసయితదని," అంది. ఇది మాత్రం అందరికీ గట్టిగా చదువు.

నానమ్మ కాళ్లకు నా బదులు మొక్కు. మీ అందరి దీవెన కోరుతూ,

నీ చెల్లెలు
సుశీల