కార్ల అల్మరా ఎవరికి చెందాలి

నేను, కీ.శే. కలపాల గబ్రియేలు గారి పెద్ద కుమారుడు జీవరత్నం, వయసు డెబ్బై ఆరు, ఏలూరు కాపురస్తుడను, చరిత్ర లెక్చరరుగా రిటైరైనవాడను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నాకు మతి చలించిందని నా తమ్ముడు రూబెన్ ఊరంతా చెప్పుకొస్తున్నాడు గనుక డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. ఆ డాక్టరు రూబెన్‌కు పరిచయస్తుడు కాడు. ముందే విచారించాను.

1. నా ఇల్లు తాడేపల్లిగూడెంలో ఉంటున్న నా కొడుకు విజయ్ కుమార్‌కు. వాడు దాన్ని అమ్ముతాడు. కొనబోయేవాణ్ని స్నేహితుడని చెప్పి మార్చిలో తీసుకొచ్చాడు. ఆ పెద్దమనిషి గోడలు తట్టి చూశాడు గానీ నా కుశలం అడగలేదు. అమ్ముకోనీ. వెనక గదిలోని అల్మరా మాత్రం ఇంటితో చేరదు.

2. ఆ అల్మరా, నలభై ఏళ్లుగా పోగుచేసిన బొమ్మ కార్ల కోసం నా చేతులతో చేసినది. మా పాత చర్చిని పడగొట్టినప్పుడు, అమ్మ మా నాన్న జ్ఞాపకార్థం దానికి ఇచ్చిన టేకు బెంచీని వేలంలో పాడుకున్నాను. దాని వీపు పలక మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆయన పేరు చెక్కి ఉంది. పేరును కోయలేక అల్మరానే బెంచీ అంత పొడవు చేశాను. కార్లు జారకుండా చక్రాల ముందు అగ్గిపుల్లలు అతికించాను. తలుపుల మధ్య ఒక వెంట్రుక అంటించి ఉంచుతాను. రెండుసార్లు తెగింది. వీధిలో చేస్తే పదిమంది కళ్లు పడతాయని గదిలోనే బిగించాను. పలకలుగా లోపలికొచ్చినది అల్మరాగా నడవ మలుపు తిరగడం లేదు. ఇల్లు కట్టేటప్పుడు దగ్గరుండి ఆ నడవను ఇరుకు చేయించింది రూబెనే.

3. రూబెన్‌కు నా రంపం. "నడిమికి కోసేసి చెరో ముక్కా తీసుకుందాం అన్నయ్యా, నా చేపల చెరువు గట్టున కూర్చోడానికి పనికొస్తుంది" అన్నాడు, నాన్న పేరున్న పలకను. పైపెచ్చు చర్చిలో సంఘ పెద్ద.

4. రూబెన్ భార్య యేసమ్మకు అల్మరాలోని తెల్ల ఫియట్ బొమ్మ. నా భార్య సువర్ణ మంచాన పడ్డ రోజుల్లో గణపవరం నుంచి బస్సులో వచ్చి తల దువ్వి వెళ్లేది. ఏనాడూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ కారును రూబెన్ ముట్టుకోరాదు.

5. మిగిలిన కార్లు, అల్మరా, నా కోడలు స్టెల్లాకు. కారణం రాయాలి, లేకపోతే మందు పెట్టిందంటారు. ఈస్టరుకు వచ్చినప్పుడు, నేను నిద్రపోయాననుకుని కొలత టేపు పట్టుకుని అల్మరా ఉన్న గదిలోకి వెళ్లింది. తలుపు సందులోంచి చూసి నిలదీశాను. "కిటికీ చట్రం ఊడదీస్తే ముక్కలు చెయ్యకుండా బయటికొస్తుందండీ మావయ్యగారూ. లేకపోతే ఇల్లు అమ్మేరోజు మీ అబ్బాయి కోయించేస్తారు" అంది. మొగుడూ పెళ్లాల నాటకం అనుకున్నాను. అయితే నెల తర్వాత విజయ్ వచ్చి, అల్మరా ఎలాగూ బయటికి రాదు గనుక కోసేవాళ్లను పంపుతానన్నాడు. అంటే కిటికీ సంగతి ఆమె వాడికి చెప్పలేదు. ఈ ఇంట్లో నాకు దొరికిన సాక్ష్యం అదొక్కటే.

6. దీన్ని అమలు జరిపించవలసినవాడు పక్కింటి సుబ్బరాజు. అతన్నీ పూర్తిగా నమ్మను. రూబెన్‌తో మాటల్లేవు, ఆ అర్హత చాలు.

7. నేను పోయాక ఈ కాగితం ముందు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అందుచేత వచ్చే శనివారమే వడ్రంగి గంగరాజు చేత కిటికీ ఊడదీయిస్తున్నాను. స్టెల్లా వ్యాను తీసుకొస్తానంది. తలుపుల అద్దాలు పగలకుండా తాడేపల్లిగూడెం దాకా అల్మరా పక్కనే కూర్చుని నేనూ వెళ్తాను. మీరిది చదివే వేళకు ఆ గది ఖాళీగా ఉంటుంది. ఈస్టరు తర్వాత దానికి వేసిన తాళం పగలగొట్టే శ్రమ పడకండి.

ఏలూరు, 2025 జూన్ 11, బుధవారం.

(సంతకం) కలపాల జీవరత్నం

సాక్షులు, నేను సంతకం చేయడం చూసినవారు, పైన రాసినది చదవనివ్వబడనివారు:
1. నిత్యానందం
2. వెంకట్రాజు