కాటుకకు వేసిన గుర్తు

2024 ఆగస్టు 11, ఆదివారం

నారాయణన్న గుర్రం పోయింది. పుత్తూరు పక్కన మామిడితోటలో కట్టేసి ఉంటే మొన్న ఎవరో వ్యాన్‌లో ఎక్కించుకుపోయారట. పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్లగుర్రం, చుట్టుపక్కల అందరూ ఎరిగిందే. అయినా పోయింది. స్టేషన్‌లో ఫోటో చూపిస్తే తెల్లగుర్రాలన్నీ ఇట్లాగే ఉంటాయి కదప్పా అన్నారట.

ఆ మాట విన్నప్పటి నుంచి నాయన మా గుర్రం కాటుక దగ్గర్నుంచి కదల్లేదు. అన్నం కూడా కొట్టంలోకే తెమ్మన్నాడు.

భయం నాకూ ఉంది. నాయన రేణిగుంట స్టేషన్ బయట ఇరవై రెండేళ్లు జట్కా తోలాడు. జట్కాలు పోయాక ఆటో తోలమంటే తోలలేదు. ఆరేళ్ల కిందట రాజస్థాన్ నుంచి లారీలో వచ్చిన గుర్రాల్లో, ఇది బతకదని వదిలేసిన పిల్లను ఇంటికి తెచ్చాడు. సీసాతో పాలు పట్టి పెంచాం. అదే కాటుక. ఒళ్లంతా నలుపు, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. చెవుల కొనలు రెండూ లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. పోయిన జనవరిలో బెంగళూరు షోలో ఆడగుర్రాల్లో ఫస్ట్ వచ్చింది. పేపర్లో ఫోటో వేశారు. ఊరి పేరుతో సహా వేశారు.

ఆగస్టు 14, బుధవారం

డ్యూటీలో చక్రధర్ సార్‌ని అడిగాను. మా పశువుల ఆస్పత్రి డాక్టరు ఆయనే, నేను ఆయన దగ్గర అసిస్టెంట్‌ని. ఎప్పటికీ చెరిగిపోని గుర్తు వేయించాలంటే ఏది మంచిది సార్ అన్నాను.

ఇనుము కాల్చి వేసే ముద్ర సంగతి తలుచుకోవద్దన్నారు. ఇంకోటి చలి ముద్ర. రాగి అచ్చును లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి ఒంటి మీద కొన్ని సెకన్లు ఒత్తిపెడితే, అక్కడ రంగు చచ్చిపోయి తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. కాటుక నలుపు మీద అయితే అర ఫర్లాంగు నుంచి కనిపిస్తుందట. అదీ కాదంటే చిప్. బియ్యపు గింజంత ఉంటుంది, సూదితో మెడలోకి ఎక్కిస్తారు. మచ్చ పడదు. కానీ బయటికి కనపడదు.

"చిప్పు దొంగను ఆపదు జెస్సీ. దొరికినాక, ఈ గుర్రం నీదని చెప్తాది, అంతే. ముద్ర అయితే దొంగ చూసి ముందే వదిలేస్తాడు" అన్నారు.

నైట్రోజన్ క్యాన్ నా బల్ల పక్కనే ఉంటుంది. ఎదకొచ్చిన ఆవులకు వేసే సెమెన్ అందులోనే పెడతాం. రోజూ మూత తీసి ఆ పొగలోకి చెయ్యి పెట్టేది నేనే. అచ్చు ఒకటి చేయించుకుంటే చాలు.

ఆగస్టు 18, ఆదివారం

చలి ముద్రకు నాయన ఒప్పుకోలేదు. ఇందులో మంట ఉండదని ఎంత చెప్పినా వినలేదు. తాత ఒకప్పుడు మిలిటరీ వాళ్లు తీసేసిన గుర్రాన్ని కొన్నాడట. దాని తొడ మీద కాల్చిన నంబరు ఉండేదట. నాయన చిన్నప్పుడు పొరపాటున అక్కడ చెయ్యి వేస్తే, అంత ముసలి గుర్రమూ ఒళ్లంతా ముడుచుకునేదట.

"అది సచ్చేదాకా ఆ తావున ఎవుర్నీ ముట్టనీలేదు. మనం దీనికి ఆ పని చేసేది వద్దు మ్మే" అన్నాడు.

అది వేరు, ఇది వేరు అని ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇక్కడ రాసుకుంటాను, ఎవరూ చదవరు కాబట్టి. జనవరిలో మళ్లీ షో ఉంది. ఆ నల్లని మెడ మీద తెల్లగా అంకెలుంటే జడ్జీలు ఏమంటారో తెలియదు కానీ, నాకే చూడబుద్ధి కాలేదు. నాయన వద్దనగానే నాకు లోపల హాయిగా అనిపించింది.

ఆగస్టు 25, ఆదివారం

చిప్ వేయించాం. సార్ ఇంటికే వచ్చారు. సూది ఇనుప మేకులాగా లావుగా ఉంది. నాయన ముఖం తిప్పుకున్నాడు. ఎడమవైపు, జూలు కింద. కాటుక ఒకసారి తల విదిల్చి, ఉలవల తొట్టిలో మూతి పెట్టేసింది. స్కానర్ ఆనించగానే కూత వచ్చి పదిహేను అంకెలు కనపడ్డాయి.

ఫారంలో యజమాని అన్నచోట నాయన పేరు రాయబోయాను. "నీ పేరే వెయ్. నా తరవాత సూసుకోవాల్సింది నువ్వే కదా" అన్నాడు. నా పేరే రాసి, నేనే సంతకం పెట్టాను.

సెప్టెంబరు 2, సోమవారం

'ఈ గుర్రానికి మైక్రోచిప్ ఉంది' అని బోర్డు రాయించి గేటుకు కట్టాను. సాయంత్రానికి నాయన పీకేశాడు. ఈడ గుర్రముండాది రాండని పిలిచినట్టు ఉందట.

అక్టోబరు 17, గురువారం

కాటుక లేదు.

మూడు రోజులుగా వాన. నాయనకు జ్వరం. కొట్టంలో తేమగా ఉంది, ఇంట్లో పడుకో అని నేనే బలవంతం చేశాను. పొద్దున ఐదున్నరకు గడ్డి వేద్దామని పోతే తలుపు తీసి ఉంది. గొలుసు తెగి పడుంది. అడుగుల గుర్తులు చూద్దామంటే వాకిలంతా నీళ్లు.

నాయన జ్వరంతోనే గొడుగు కూడా లేకుండా రోడ్డు మీదికి పోయాడు. రెండు దిక్కులా చూశాడు. ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

అదే రోజు, మధ్యాహ్నం 2

స్టేషన్‌కు పోయి వచ్చాను. గుర్తులేమన్నా ఉన్నాయా అని ఎస్.ఐ. అడిగాడు. చిప్ ఉందన్నాను. యాడ చూడాలమ్మా అన్నాడు. స్కానర్ ఉంటే తెలుస్తుంది సార్ అన్నాను. స్కానర్ ఎవరి దగ్గర ఉంటాది అన్నాడు. మా ఆస్పత్రిలో అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "రోడ్డు మీద లారీ ఆపిన కానిస్టేబులు ఏం చూసి పట్టుకోవాల?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

గొంతు కింద సుడి ఉందని, చెవులు తాకుతాయని చెప్పాను. నల్లగుర్రం, ఆడది అని రాసుకున్నాడు.

అక్టోబరు 31, గురువారం

ఊరంతా టపాకాయలు. ఈ చప్పుడుకు అది బెదురుతుంది. ఎక్కడుందో, పక్కన ఎవరైనా నిలబడ్డారో లేదో.

నవంబరు 23, శనివారం

నాయన పొద్దున వెళ్లి చీకటి పడేవేళకు వస్తున్నాడు. యాడికి పోతా ఉండావు నాయనా అని అడిగితే చెప్పడు. ఈరోజు నారాయణన్న చూశాడట. రేణిగుంట స్టేషన్ బయట, ఒకప్పుడు జట్కాలు నిలిపే చోట, ఆటోల మధ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడట. ఎందుకప్పా ఈడ అంటే, లారీలన్నీ ఈ రోడ్డు మీదనే పోతాయి కదా అన్నాడట.

డిసెంబరు 15, ఆదివారం

సార్ స్కానర్ ఇచ్చారు. ఇది నాలుగో సంత. అవతల తమిళనాడు దాకా పోయి వచ్చాను. నల్లగుర్రం కనపడితే దగ్గరికి పోయి మెడ దగ్గర పెట్టి చూడొచ్చా అని అడుగుతాను. కొందరు నవ్వి ఒప్పుకుంటారు. కొందరు తరుముతారు. ఈరోజు ఒకడు నా చేతిలోంచి లాక్కుని, ఇది ఏమి మిషను, జబ్బు అంటిస్తావా అని అరిచాడు. తొమ్మిది గుర్రాలకు పెట్టాను. ఒక్కదానికీ కూత రాలేదు.

చిప్ పని చేయాలంటే ముందు గుర్రం దొరకాలి. ఇంత చిన్న సంగతి నాకు ఆగస్టులో ఎందుకు తట్టలేదు? తట్టింది. సార్ చెప్పారు కూడా.

2025 జనవరి 19, ఆదివారం

ఈరోజు బెంగళూరులో షో.

ఫిబ్రవరి 22, శనివారం

దొరికింది. కాటుక దొరికింది.

మధ్యాహ్నం తమిళనాడు నంబరు నుంచి ఫోన్. వేలూరు అవతల ఒక పశువుల డాక్టరమ్మ. తోటలో షెడ్డు వేసి గుర్రాలను దాచిపెట్టి అమ్మేవాడొకడు పారిపోయాడట. షెడ్డులో ఎనిమిది గుర్రాలు. అన్నిటి మెడలకూ స్కానర్ పెట్టి చూస్తే ఒక్కదానికే నంబరు వచ్చిందట. ఆ నంబరుకు నా పేరు, నా ఫోన్ వచ్చాయట.

నాయనకు చెప్పగానే కింద కూర్చుండిపోయాడు. తరువాత లేచి తాడు వెతికాడు, తోలుకురావడానికి.

ఫిబ్రవరి 23, ఆదివారం

సార్ కారులో పోయాం. షెడ్డు చివర నిలబడి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. కుడి తొడ మీద ఇనుము కాల్చి వేసిన ముద్ర, అరచేయంత. పుండు ఇంకా పూర్తిగా మానలేదు. మనం వేయించని గుర్తు దొంగ వేశాడు, తనదని చెప్పుకోడానికి.

డాక్టరమ్మ ఆగమంటున్నా నాయన ఆగలేదు. పోయి మెడ కౌగిలించుకున్నాడు. అది ఆయన భుజం మీద గడ్డం పెట్టి కళ్లు మూసుకుంది. దాని ముక్కులోంచి కారింది ఆయన చొక్కా మీద పడింది.

ఆ ముక్కు చూశాక నాకు అడుగు పడలేదు. చిక్కగా, పసుపుగా. ఒక్క వైపు నుంచే.

పక్కకు పిలిచి చెప్పింది డాక్టరమ్మ. షెడ్డులో ఇంకో గుర్రం వీళ్లు రాకముందే చచ్చిపోయిందట. అన్నిటి రక్తం ల్యాబుకు పంపారట. రిపోర్టు వచ్చేదాకా ఏ గుర్రమూ కదలకూడదట. జబ్బు పేరు ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. మేమిద్దరం ఒకే చదువు చదివినవాళ్లం కాకపోయినా, ఆ పేరు ఇద్దరికీ తెలుసు.

కారులో నాయన అడిగాడు, ఎన్నాళ్లకు ఇస్తారమ్మా అని. జలుబు తగ్గినాక అన్నాను.

మార్చి 3, సోమవారం

నాయన కొట్టం కడిగి సున్నం కొడుతున్నాడు. ఆపమని చెప్పే ధైర్యం లేదు.

మార్చి 11, మంగళవారం

గ్లాండర్స్. రెండో టెస్టులోనూ అదే.

గుర్రాలకు మందు లేదు. మనుషులకు అంటుతుంది. వచ్చిన గుర్రాన్ని బతకనివ్వకూడదని చట్టం. ఇదంతా నేను ట్రైనింగ్‌లో నోట్సు రాసుకున్నాను, చక్కటి చేతిరాతతో.

మిగతా ఏడు గుర్రాలకూ అదేనట. వాటికి యజమానులు ఎవరో తెలియదు కాబట్టి ఆఫీసర్ల ఆర్డరు చాలట. కాటుకకు యజమాని ఉంది. నోటీసు యజమానికి ఇచ్చి, సంతకం తీసుకోవాలి. అడ్రసు సరిగ్గా ఉంది. సాయంత్రానికి మనిషి వచ్చాడు.

గుర్తు వేసింది ఇది నాదని చెప్పుకోవడానికి. చెప్పుకున్నాను. సంతకం పెట్టాను.

మార్చి 12, బుధవారం

నాయనను తిరుపతి ఆస్పత్రికి తీసుకుపోయి రక్తం ఇప్పించాను. ఆయనకు అంటిందేమో చూడాలట. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాను, వరండాలో, బల్ల మీద కూర్చోబెట్టి. జబ్బు పేరు, చట్టం, సంతకం, అన్నీ.

చేతిలోని టోకెన్ చీటీని మడిచాడు, మళ్లీ విప్పాడు. తరువాత అడిగాడు. "ఆ చలి ముద్ర ఏసుంటే, వాళ్లు ముట్టేవాళ్లు కాదా?"

తెలీదు నాయనా అన్నాను.

"నేనే కదా వద్దంటి" అన్నాడు.

నేను కూడా వద్దనుకున్నానని చెప్పాల్సింది. మెడ అందం చెడుతుందని అనుకున్నానని. ఆ ఒక్క మాట చెప్పగలిగితే ఆయన బరువు సగం దిగేది. నోరు తెరిచాను. టోకెన్ నంబరు పిలిచారు. లేచి పోయాను.

మార్చి 14, శుక్రవారం

పొద్దున తొమ్మిదికి, ఆ షెడ్డు దగ్గరే. గొయ్యి ముందే తవ్వి ఉంచారు. సున్నం బస్తాలు వరసగా పెట్టారు. అందరూ మాస్కులు, గ్లౌజులు, తెల్ల కోట్లు వేసుకున్నారు.

తాడు నేను పట్టుకుంటానన్నాడు నాయన. కుదరదన్నారు. ఇరవై అడుగుల దూరంలో తాడు కట్టి, దానికివతల నిలబడమన్నారు. నిలబడ్డాడు. కాటుకను బయటికి తెచ్చినప్పుడు అది నడవనని మొరాయించింది. తనకన్నా ముందు పోయిన ఏడు గుర్రాల వాసన తెలిసిందేమో. లాగారు. ఒకతను కర్ర ఎత్తాడు.

"కొట్టొద్దండి సామీ. నేను పిలిస్తే వస్తాది" అన్నాడు నాయన.

ఎవరూ కాదనలేదు. నాయన రావే అని పిలిచాడు. రోజూ నీళ్లకు పిలిచినట్టే, మామూలుగా. కాటుక చెవులు రెండూ ఇటు తిరిగాయి. తల వంచుకుని నడిచి వచ్చింది, వాళ్లు ఎక్కడ కావాలన్నారో అక్కడి దాకా.

రెండు సూదులు. మొదటిదానికే మోకాళ్లు వంగాయి.

చివర్లో ఒకరు స్కానర్ పెట్టి నంబరు సరిచూసుకుని కాగితం మీద టిక్కు పెట్టారు. నాయన అటు చూడలేదు. తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

మార్చి 15, శనివారం

డ్యూటీకి పోయాను. ఆరు ఆవులు, ఒక గేదె.

ఏప్రిల్ 6, ఆదివారం

పోయిన వారం నారాయణన్న కొత్త గుర్రాన్ని తెచ్చాడు. గోధుమరంగు మగది. వాకిట్లో కూర్చుని, దీనికి ఏ గుర్తు వేయిస్తే మంచిది అని అడిగాడు. ఈ ఇంట్లో ఆ మాట అడగకూడదని అడిగాక తోచినట్టుంది, తల దించుకున్నాడు.

లోపలి నుంచి నాయన వచ్చాడు.

"రెండూ ఎయ్యి. కనపడేది ఒకటి, కనపడనిది ఒకటి" అన్నాడు.

అచ్చు చేయించి, సార్‌తో చెప్పి ఈరోజు చలి ముద్ర నేనే వేశాను. పన్నెండు సెకన్లు. నాయన దాని తల పట్టుకున్నాడు. గుర్రం కాస్త కదిలింది, అంతే. ఇంతేనా అన్నాడు నాయన.

ఇంతే నాయనా అన్నాను.

చేతులు కడుక్కోకుండానే బయటికి నడిచి పోయాడు.

ఏప్రిల్ 9, బుధవారం

నాయన రక్తం రిపోర్టు వచ్చింది. ఆయనకు ఏమీ అంటలేదు. చదివి వినిపించాను. దానికొచ్చింది నాకు రాకుంటే ఎట్లా, మళ్లీ సూడు, తప్పు సదివినావేమో అన్నాడు.