మావయ్య తల పై పొర

చి. కోడలు హేమలతకు ముత్యాలత్త దీవెనలు.

కొండ మీద సిగ్నలు లేదు గనుక ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. వైద్య శిబిరంలో డాక్టరు మీ సుక్రు మావయ్యకు మతిమరుపు మొదలైందన్నాడు. అది విని ఊళ్లోవాళ్లు దిసారి పని తీసేస్తామంటున్నారు. విత్తనాలకూ పండగలకూ మంచి రోజులు పెట్టడమే ఆయన ప్రాణం కదా! బెంగతో అన్నం మానేశాడు. నువ్వు విశాఖలో మెదడు గురించే చదువుతున్నావుగా, మందేదైనా రాయి.

ఇట్లు, అత్త.

తా.క.: నన్ను మాత్రం మర్చిపోలేదు. పొద్దున్నే పేరు పెట్టి తిట్టాడు.

అత్తకు నమస్కారాలు.

మెదడు పై పొరకు ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం కావాలి. అది తగ్గితే జ్ఞాపకం మందగిస్తుంది. దాన్ని వదిలే నరాల తీగలు చాలావరకు మెదడు లోపలి కణాల నుంచే వస్తాయి. పై పొరలో సొంతంగా అలాంటి కణాలు ఉన్నాయా అని మా ల్యాబులో వెతుకుతున్నాం. మావయ్యకు అది తగ్గిందని ఇంకా ఎవరూ తేల్చలేదు, కంగారుపడకు. కాస్త తినిపించు. గుడ్డులో కోలిన్ ఉంటుంది.

నీ కోడలు, హేమ.

తా.క.: పై పొర చాలా సున్నితమైనది సుమా!

కోడలికి దీవెనలు.

పై పొరను కాపాడుతున్నాను. మంగలిని గుమ్మం ఎక్కనివ్వలేదు. కాఫీ పళ్లు ఎండబెట్టేటప్పుడు ఆయన తలకు రెండు తువ్వాళ్లు చుట్టి, పైన గోనెసంచి కప్పుతున్నాను. "నన్నేటి సేత్తన్నావే!" అని అరుస్తున్నాడు. పూటపూటా గుడ్లే. మా పెట్ట నన్ను చూస్తే పారిపోతోంది. ఊరంతా కూర్చుని కొత్త దిసారిని పెడతారట. బేగి జవాబు రాయి.

అత్త.

తా.క.: "ఇవాళ ఏ వారం?" అని డాక్టరు అడిగితే ఈయన "సుంకిగుడ సంత" అన్నాడు. "రేపు?" అంటే "కొర్రగుడ సంత" అన్నాడు. పాపం, అన్నీ సరిగ్గానే చెప్పాడు. ఏం లాభం?

అత్తా!

ఈ మాట మొదటే రాయకూడదా? మన కొండల్లో వారాలను సంతలతోనే చెప్పుకుంటామని కింద నుంచి వచ్చిన డాక్టరుకేం తెలుసు? అన్నీ తప్పులు వేసేసుకున్నాడు. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. మళ్లీ వచ్చి పరీక్ష పెడతానన్నాడు.

హేమ.

తా.క.: ఆ గోనెసంచి తీసెయ్. పై పొర పుర్రె లోపల ఉంటుంది.

బంగారు కోడలికి దీవెనలు.

డాక్టరు వచ్చాడు. మీ మావయ్య అన్నింటికీ గడగడా చెప్పేశాడు. ఏ జబ్బూ లేదని డాక్టరు ఊరందరి ముందూ చెప్పాడు. దిసారి పని ఆయనదే! నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని హాయిగా ఏడ్చాను. ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు, గుడ్డు మాత్రం వద్దన్నాడు.

అత్త.

తా.క.: ఊరి కూటం ఇన్నాళ్లూ ఎందుకు జరగలేదో ఇప్పుడు తెలిసింది. కొత్త దిసారిని పెట్టడానికి మంచి రోజు చెప్పమని వచ్చి ఈయన్నే అడిగారట. ఈయన వేళ్లు లెక్కపెట్టి, "ఈ యేడు నేదురా" అన్నాడట.