పెద్దాయనకు పేలు

గుర్రాల టీచరమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ తమ్ముడు బాగానే ఉన్నాడు. నా కొట్లో గడియారాలు కూడా ఎవరి టైము వాళ్ళు చెప్పుకుంటూ బాగానే ఉన్నాయి. అక్కడి చలిలో నువ్వూ, నీ దగ్గర స్వారీ నేర్చుకునే పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పెద్దాయన సంగతి కింద రాస్తాను. నీ కళ్ళు ముందు అక్కడికే పరిగెడతాయని తెలుసు. పరిగెత్తకు, వరసగా చదువు.

నీ తమ్ముడు ఇప్పుడు నా ఎదురుగా, గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా కదలడట. ఎందుకన్నది కూడా కిందే ఉంది. "అయిందా బావా?" అని ఇప్పటికే రెండుసార్లు అడిగాడు. ఇంకా క్షేమసమాచారాల్లోనే ఉన్నానంటే, "ఉన్నది ఇద్దరం, ఇద్దరి క్షేమానికి అంతసేపా?" అంటున్నాడు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. బాగుచేసేవాడు రేపు రేపంటూ తిప్పుతున్నాడు. నేను వేళకే తింటున్నాను, అది నువ్వడగలేదనుకో. నువ్వు పెద్దాయన గురించి మూడు ప్రశ్నలు వేశావు, నా గురించి ఒకటిన్నర. ఆ సగం కూడా ఆయనకు క్యారెట్లు సన్నగా తరుగుతున్నానా లేదా అని. తరుగుతున్నాను తల్లీ. పళ్ళరిగిన గుర్రమని నాకూ తెలుసు. నాకంటే ముందే నీ జీవితంలోకి వచ్చినవాడని కూడా తెలుసు. నీ మొదటి మొగుడని నేను ఊరికే అంటానా?

ఇక ఆయన సంగతి. ఇదివరకు ఉత్తరంలో తోక మొదలు గుంజకేసి రుద్దుకుంటున్నాడనీ, చలికి చర్మం పొడిబారి ఉంటుందనీ రాశాను. చర్మం కాదు, పేలు. తల గోక్కోకు. నేను మాత్రం గోక్కుంటూనే రాస్తున్నాను. గుర్రం పేను మనిషి మీద బతకదని పశువుల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చెప్పి, ఆవిడా చెవి వెనక గోక్కుంది.

మొదట చూసింది నేనే. గడియారాల పనికి వాడే కంటి అద్దం పెట్టుకుని జూలు పాయ తీస్తే, వెంట్రుకల మొదళ్ళలో తెల్లటి గుడ్లు, వాటి మధ్య ఒకటి తాపీగా నడుస్తోంది. డాక్టరమ్మ వచ్చి, వయసు మీద పడ్డ గుర్రాలకు బొచ్చు ఒత్తుగా పెరిగిపోయి ఊడదనీ, ఒంట్లో సత్తువ తగ్గుతుందనీ, పైగా చలికాలం ఎండ పొడ ఉండదనీ, పేలకు అంతకంటే ఏం కావాలనీ చెప్పింది. "ఇవి రక్తం పీల్చే రకం. చిగుళ్ళు చూడండి, ఎలా పాలిపోయాయో. ముసలి ప్రాణం, అశ్రద్ధ చేస్తే చలికాలం దాటడు" అంది. నీకు ఏం రాయాలో తోచక చర్మం పొడిబారిందని రాశాను.

అవి ఎలా వచ్చాయో కూడా తేలింది. దారిన పోయేవాడెవడో తన గుర్రాన్ని ఒక రాత్రి, పెద్దాయన ఉండే నీ తమ్ముడి కొట్టంలోనే కట్టేశాడు. మనవాడు దాన్ని రుద్దిన బ్రష్షుతోనే పొద్దున పెద్దాయననూ రుద్దాడు. ఈ సంగతి నేను జేబులో పెట్టుకున్నాను, తర్వాత పనికొస్తుందని.

వైద్యం ఇదీ: జూలూ తోకా వదిలి బొచ్చంతా మిషనుతో కత్తిరించాలి. చెవుల వెనక నుంచి తోక కింద దాకా మందు కొట్టాలి. మందుకు గుడ్లు చావవు కాబట్టి, అవి పిల్లలయ్యేసరికి, రెండు వారాలకు మళ్ళీ కొట్టాలి. దురద లేకపోయినా నీ తమ్ముడి బండి గుర్రానికి కూడా కొట్టాలి. బ్రష్షులు దేనివి దానికే ఉండాలి. ఇక ఆయన ఒంటికి తగిలిన గుడ్డ ఏదైనా సరే, కప్పే దుప్పటి, జీను కింది గుడ్డ, తుడిచే తువ్వాలు, అన్నీ మరిగే నీళ్ళలో పడాలి.

నీ తమ్ముడు పనిలో లోటు చెయ్యలేదు. ఇది వాడు ఎదురుగా ఉన్నాడని రాయడం లేదు. పెద్దాయన కదలకుండా చెవిలో ఏదో చెబుతూ మిషను పెట్టాడు. ఆ దుబ్బు బొచ్చంతా రాలేసరికి లోపల పక్కటెముకలు కనిపించాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తర్వాత బట్టలన్నీ బానలో వేస్తూ వాడు అడిగాడు: "ఇంకేమైనా ఉన్నాయా బావా? గుర్రాల దగ్గర అక్క వేసుకునే కోటు ఉండాలిగా?"

"అది గుర్రానిదేంటి? కొట్లో నా కుర్చీకి ఉంటుంది" అన్నాను.

రెండు వారాలకు మళ్ళీ మందు కొట్టాం. పెద్దాయన కుదుటపడ్డాడు, మేత మీద పడ్డాడు. కొన్నాళ్ళకే మళ్ళీ గుంజ దగ్గర రుద్దుడు! జూలు తీసి చూస్తే మళ్ళీ అవే. నాకు ఒళ్ళు మండింది. నీ తమ్ముడి మీద నోరు పారేసుకున్నాను. మందు పైపైన కొట్టి చేతులు దులుపుకున్నావన్నాను. అది చాలనట్టు జేబులో దాచుకున్న బ్రష్షు సంగతి కూడా తీశాను. అసలు తెచ్చిపెట్టిందే నువ్వు, పోగొట్టడం కూడా చేతకాలేదన్నాను.

వాడు మందూ వైద్యమూ మొదటినుంచీ మళ్ళీ చేశాడు, ఈసారి డాక్టరమ్మను పక్కన నిలబెట్టుకుని మరీ. మళ్ళీ తగ్గింది. మళ్ళీ వచ్చింది. అప్పుడన్నాడు: "నాకు చేతకాదన్నావుగా బావా. ఆదివారానికల్లా నీ గుర్రాన్ని తీసుకుపో. నా బండి గుర్రానికి ఎక్కితే నాకు బతుకుతెరువు ఉండదు." ఎక్కడికి తీసుకుపోను? ఒంటి మీద బొచ్చు లేని ముసలి గుర్రం, బయటంతా మంచు. ఈ చలిలో చోటు మారిస్తే తట్టుకోలేడని డాక్టరమ్మ ముందే చెప్పింది. కాలు కాలిన పిల్లిలా కొట్టుకూ కొట్టానికీ మధ్య తిరిగాను. ఏ గడియారం విప్పినా మళ్ళీ బిగించడం మరిచిపోయేవాణ్ణి.

ఇక చెప్పక తప్పదు. బల్ల మీదివాడు కాలు ఆడిస్తున్నాడు.

నువ్వు వెళ్ళిన వారానికే పెద్దాయన సాయంత్రం పూట స్థిమితంగా నిలబడడం మానేశాడు. తలుపు వైపు చూడడం, డెక్కతో నేల తవ్వడం. ఏం చెయ్యాలో తెలియక, నువ్వు వదిలివెళ్ళిన నీ పాత కోటు తీసుకెళ్ళి మెడ మీద వేశాను. ముక్కు కోటు చెయ్యిలోకి దూర్చి నిలబడిపోయాడు. అప్పటినుంచీ అది మా ఇద్దరి రహస్యం. సాయంత్రం కాసేపు ఆయన మెడ మీద, ఆ తర్వాత కొట్లో నా కుర్చీ మీద. పని మధ్యలో వెనక్కి వాలితే నీ వాసన, నువ్వు జీనుకు రాసే నూనె వాసన. ఉతికితే అది పోతుంది. అందుకే బానలో వెయ్యలేదు. నీ తమ్ముడితో అబద్ధమాడాను. మందు కొట్టిన నాలుగు రోజులు ఆగేవాణ్ణి, పెద్దాయన మళ్ళీ నేల తవ్వగానే కోటు పట్టుకెళ్ళేవాణ్ణి. పేలను నా చేతులతో నేనే తిరిగి దిగబెట్టి వస్తున్నానన్న మాట.

నిన్న పొద్దున ఒక పెద్దమనిషి గడియారం మూత తీసి, కంటి అద్దం పెట్టుకున్నాను. తెల్లటి డయలు మీద, నాలుగుకీ అయిదుకీ మధ్య, ముల్లు కానిదేదో నడుస్తోంది. నా మోచేతి కింద నీ కోటు చెయ్యి ఉంది. దాని కుట్లు విప్పి చూశాను. ఉన్నాయి.

తల కొట్టేసినట్టయింది. అయినా వెంటనే చెప్పలేదు. కోటు దాచేసి, డాక్టరమ్మ మందే పనిచెయ్యలేదనాలని కూడా అనుకున్నాను. కానీ కొట్టానికి వెళ్ళేసరికి నీ తమ్ముడు పెద్దాయన జూలు పాయలు తీస్తూ కనిపించాడు. పొమ్మన్న గుర్రానికే! "నా చూపు మందగించిందేమో బావా, ఎక్కడో వదిలేస్తున్నాను" అన్నాడు. ఇంక దాచలేకపోయాను. కోటు వాడి చేతిలో పెట్టి అంతా చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. కోటు బాన పక్కన పడేసి, "పెద్దాయన ఇక్కడే ఉంటాడు. కానీ ఇది అక్కకు నువ్వే రాయాలి. నా ముందు రాయాలి. పోస్టులో నేను వేస్తాను" అన్నాడు. అందుకే ఈ కాపలా.

కోటు మరిగే నీళ్ళలో ముంచాం. కొట్టమంతా కడిగాం, పాత గడ్డి తగలబెట్టాం, మళ్ళీ మందు కొట్టాం. ఇకమీదట కొత్త గుర్రం ఏదొచ్చినా వేరే కట్టెయ్యాలనీ, నేను వారం వారం కంటి అద్దంతో పెద్దాయన జూలూ తోకా చూడాలనీ ఒప్పందం. రాత్రంతా పొయ్యి దగ్గర ఆరిన కోటు పొద్దున ఆయనకు చూపించాను. ఒకసారి వాసన చూసి, సబ్బు కంపుకి పెదవి ఎగరేసి, మేత వైపు తిరిగాడు. అంతే. హాయిగా నములుతున్నాడు. నేను మాత్రం ఆ కోటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

నీ తమ్ముడు ఇప్పుడే ఉత్తరం లాక్కుని ఇక్కడిదాకా చదివాడు. "కోటు గురించి ఇంత రాశావు, అసలు మాట రాయలేదేంటి బావా?" అని తిరిగిచ్చాడు.

సరే, రాస్తున్నాను. నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా లేదు. పెద్దాయన సాకు మాత్రమే. చలి తగ్గగానే వచ్చెయ్. ఈలోపు నువ్వు మెడకు చుట్టుకునే గుడ్డ ఒకటి పంపు. ఉతక్కు. గుర్రాల దగ్గరికి తీసుకెళ్ళకు. ఈసారి దాన్ని నేను ఎవరితోనూ పంచుకోను.

ఇట్లు,
నీ తమ్ముడికి లోకువైన బావ,
నీ రెండో మొగుడు