అక్షరాలకు చోటు

ఆదివారం, మార్చి 9
ఉదయం, కాఫీ తర్వాత

పూజ్యులైన బావగారి సముఖానికి,

మీ బావమరిది చేతులు జోడించి చేయు నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయాలంటే రెండువైపులా క్షేమం తెలిసి ఉండాలి. మీ క్షేమం అక్క ఫోన్‌లో చెబుతూనే ఉంది: మోకాళ్లు మొరాయిస్తున్నాయి, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది అని. నా క్షేమం మీరు అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. బాగున్నాను. షుగరు లేదు. పళ్లు సొంతవే, కోపం కూడా సొంతదే.

మర్యాద ఇక్కడితో చాలు. ఒకే వీధిలో గోలీలాడుకున్నవాళ్లం, నిన్ను 'మీరు' అంటుంటే నాకే నవ్వొస్తోంది. చెప్పాల్సింది వరసగా చెబుతాను. మధ్యలో లేచి వెళ్లిపోకు. ఉత్తరం మీద కూడా అలిగి లేచిపోగల మనిషివి నువ్వు.

మొదటి సంగతి. నీ జీవితకాలం ఫొటోలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారు కదా, దానికి అట్టా, లోపలి పేజీల లేఅవుటూ చేసింది నేను.

ఒక గ్లాసు మంచినీళ్లు తాగి రా.

ఇందులో నా కుట్ర ఏమీ లేదు. ఆ ప్రచురణ సంస్థ వాళ్లకి నేను చాలా కాలంగా అట్టలు వేస్తున్నాను. పుస్తకాల పని చూసే అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసి, "సార్, పెద్ద ఫొటోగ్రాఫర్ పుస్తకం, మీరైతేనే న్యాయం చేస్తారు" అంది. ఎవరని అడిగితే నీ పేరు చెప్పింది. మన చుట్టరికం ఆమెకి తెలియదు. అట్ట ఎవరు వేస్తున్నారని నువ్వు అడుగుతావేమో, అడిగితే చెప్పేద్దామనుకున్నాను. నువ్వడగలేదు. ఎప్పుడడిగావు గనక? నీ ఫొటోలు ఎన్ని పుస్తకాల్లో, ఎన్ని క్యాలెండర్లలో వచ్చినా, వాటిని పేజీ మీద కూర్చోబెట్టిన వాడొకడుంటాడని నీకెప్పుడూ తోచలేదు. అక్కకి మాత్రం చెప్పాను. "ఒరేయ్, మీ బావకి నేను చెప్పనుగాక చెప్పను, ఆయన సంతోషం నాలుగు రోజులు చూడనీ" అంది.

నీ ఫొటోలన్నీ ఒక డిస్కులో వేసి పంపారు. వరసగా అన్నీ చూశాను. మళ్లీ మొదటినుంచి చూశాను. రిటైరయ్యాక నేను చదివినన్ని పుస్తకాలు మన బంధువుల్లో ఎవరూ చదివి ఉండరు. బొమ్మలు గీసినవాళ్ల జీవితాలు, కెమెరా చరిత్రలు, అచ్చు యంత్రాల కథలు కూడా వదల్లేదు. అంత చదివినవాడిగా చెబుతున్నాను, నీ ఫొటోలు గొప్పవి. ఆ కూరగాయల ముసలావిడ ముఖం చూసి కాసేపు మౌస్ వదిలేసి కూర్చున్నాను. ఈ మాట రాయడానికి నాకెంత కష్టమైందో నీకు తెలియాలని రాస్తున్నాను.

కానీ బావా, అన్ని వందల ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఖాళీ లేదు. నీ ఫొటోల్లో మనుషులు ఆఫీసు వేళ బస్సులో నిలబడ్డట్టు నిలబడతారు. ఆకాశం కనిపిస్తే దాంట్లో కాకినైనా ఇరికిస్తావు. పుస్తకం పేరు ఎక్కడ పెట్టను? మొదటి నమూనాలో ముసలావిడ నుదుటి మీద పెట్టాను, పాపం కట్టు కట్టినట్టుంది. రెండో నమూనాలో నీ సంత ఫొటో మీద నల్లపట్టీ వేసి దాంట్లో పెట్టాను, చావు కబురు కార్డులా తయారైంది. మూడోదాని సంగతి చివర చెబుతాను. నువ్వు ఎంచుకున్నది అదే కాబట్టి దానికి తొందర లేదు.

ఇప్పుడు పాత లెక్కలు. ఉత్తరం రాసే వయసొచ్చాక కూడా అవి తీర్చుకోకపోతే ఇంకెప్పుడు?

నేను ప్రకటనల ఆఫీసులో చేరిన కొత్తలో పొద్దున్నే కెమెరా పట్టుకుని నీతో వచ్చేవాణ్ణి. వెలుగొచ్చేదాకా నీతో తిరిగి, అక్కడినుంచి అదే చెప్పులతో ఆఫీసుకి వెళ్లి, కిటికీ పక్క బల్ల మీద సబ్బుల ప్రకటనలకు అక్షరాలు సర్దేవాణ్ణి. మా మేనేజరుకి నా బూట్లు లేని కాళ్లూ, మెడలో కెమెరా చూస్తే ఒళ్లు మండేది. "ఫొటోలు తీసుకోవాలంటే బయట తీసుకోవయ్యా, ఇక్కడ అక్షరాలు సర్దు" అనేవాడు. నువ్వేమో, "అక్షరాలు సర్దుకునేవాడివి, నీకు ఫొటోలెందుకురా" అనేవాడివి. అక్కడ ఫొటోల వాడిని, ఇక్కడ అక్షరాల వాడిని. ఇంట్లో మా ఆవిడకి మాత్రం రెండు రకాలుగానూ పనికిరానివాణ్ణి.

ఒకసారి సబ్బు ప్రకటనకి రావాల్సిన ఫొటోగ్రాఫర్ జ్వరమని రాలేదు. నేనే తీశాను. తడి గచ్చు మీద ఒక బకెట్టు, దాని అంచున సబ్బు, పైన తెల్లగోడ. గోడ ఎందుకంత వదిలానంటే, అక్కడే పేరు పడుతుందని నాకు తీసేటప్పుడే తెలుసు. అక్షరాలు వచ్చి కూర్చున్నాక ఆ గోడ గోడలా లేదు, వాటికోసమే కట్టినట్టుంది. ఆ రోజు నాకు తెలిసింది, ఇవి రెండు పనులు కావని. లేఅవుటు వేసేవాడు ముందు ఖాళీని చూస్తాడు, తర్వాతే వస్తువుని. నేను కెమెరాలోంచీ అలాగే చూస్తున్నాను, అంతే. మేనేజరు ఆ ప్రకటనని తన ఆలోచనే అని అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు పార్కులో నడకకి వస్తాడు. మొన్న పక్కనున్న వాళ్లకి నన్ను చూపించి, "ఈయనకి కెమెరా అలవాటు చేసింది నేనే" అన్నాడు. "అవునండీ, మీరు తిట్టకపోతే అంత పట్టుదల వచ్చేది కాదు" అన్నాను. సంతోషించాడు! ఆ లెక్క అక్కడికి చెల్లు.

నీ లెక్క అంత తేలిక కాదు.

మనం తిరిగిన రోజుల్లో నువ్వు పెట్టిన రూలు గుర్తుందా? "నా ముందుకి రాకు, ఫ్రేములో పడతావు. నా వెనకాల నడువు." నడిచాను. మంచులో నడిచాను, వానలో నడిచాను. నీ కుడిభుజం లెన్సుల సంచీ బరువుకి ఒక పక్కకి వాలిపోయి ఉండేది. నీ చొక్కాలన్నీ ఆ భుజం దగ్గరే చిరిగేవని అక్క ఇప్పటికీ అంటుంది. అంత దగ్గరగా నీ వీపుని చూసిన మనిషి ఇంకొకడు లేడు.

తర్వాత ఫొటో క్లబ్బు పోటీ వచ్చింది. నువ్వు జడ్జివి. నా ఫొటో నీ చేతిలోకి వచ్చింది. హాలు నిండా జనం. దాన్ని అటూ ఇటూ తిప్పి, "సగం బొమ్మ ఖాళీ. ఇది ఫొటో కాదు, అక్షరాలు వెయ్యడం మర్చిపోయిన పోస్టరు" అన్నావు. అందరూ పగలబడి నవ్వారు. ఎవరిదో నీకు తెలియదని, పేర్లు లేకుండా చూపిస్తారని అక్క నన్ను ఓదార్చింది. ఖాళీ చూసి ఎవరిదో నువ్వు పోల్చావని నాకు తెలుసు. నవ్వు ఆగాక నావైపే చూశావు. ఆ రోజునుంచి క్లబ్బులో నా పేరు 'సగంబొమ్మ'. ఫోన్ చేసి "సగంబొమ్మ గారున్నారా" అని అడిగితే మా ఆవిడ రాంగ్ నంబరనుకుని పెట్టేసేది.

నీతో మాట్లాడటం మానేశాను. ఫొటోలు మానలేదు. ఆ తర్వాత, నీ పుస్తకం వచ్చేదాకా, నేను వేసిన ప్రతి అట్టకీ నా ఫొటోనే వాడాను. తీసేటప్పుడే పేరుకి చోటు వదులుతాను, పేరు వేసేటప్పుడు ఫొటోకి అడ్డం రాకుండా వేస్తాను. ఒక చెయ్యి రెండో చేతికి సాయం పట్టినట్టు. మా గదిలో ఒక గోడంతా ఆ పుస్తకాలే. పొద్దున నడకకి వెళ్లేటప్పుడు కెమెరా తీసుకెళ్తాను, వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటాను, మధ్యాహ్నం చదువుకుంటాను. "అన్నయ్యగారొస్తే ఎక్కడ కూర్చోబెడతారు, కుర్చీల మీద కూడా పుస్తకాలే" అని మా ఆవిడ గొణుగుతోంది. వస్తే ఖాళీ చేస్తాం. ఖాళీ చెయ్యడం నా వృత్తే.

ఏ కొరతా లేదు బావా, నిజంగా. ఒక్కటి తప్ప. ఇన్నేళ్లూ నీ నోట ఒకే ఒక్క మాట వినాలనుంది: "అది ఫొటోనేరా" అని. బహుమతి అక్కర్లేదు. హాల్లో జనం అక్కర్లేదు.

నీ పుస్తకం మీద ఆ కసి తీర్చుకున్నానేమోనని భయపడకు. లోపలి పేజీలు తిరగేస్తే నీకే తెలుస్తుంది. ఒక్క ఫొటో అంచు కూడా కత్తిరించలేదు. ఇరుకైన ఫొటో ఉన్నచోట ఎదురు పేజీ తెల్లగా వదిలేశాను. నువ్వు ఫొటోల్లో ఇవ్వని ఖాళీని నేను కాగితం మీద ఇచ్చాను. ముసలావిడ ఎదుట పేజీ నంబరు కూడా వెయ్యలేదు. ఆ అమ్మాయి ప్రూఫులు చూసి, "సార్, ఈ ఫొటోలు ఇంతకుముందు చూశాను గానీ, ఇలా నిలబడి చూడలేదు" అంది. అది నీకూ పొగడ్తే, నాకూ పొగడ్తే. పంచుకుందాం.

ఇక మూడో అట్ట. మంచు పట్టిన వంతెన, తడి రోడ్డు, అడుగున ఒక మూల అవతలికి నడిచిపోతున్న మనిషి, మిగతాదంతా బూడిదరంగు ఆకాశం. ఆకాశంలో పుస్తకం పేరు, దాని కింద నీ పేరు. నువ్వు ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పిన మాటలు ఆమె నాకు పొల్లుపోకుండా చెప్పింది. "మూడోదే ఖాయం చెయ్యమ్మా. ఇన్నాళ్లకి ఊపిరాడే అట్ట చూశాను. ఆ పొద్దున నాకింకా గుర్తుంది, చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. నేను తీసినవాటిలో మొదటి వరస ఫొటో అది" అన్నావట. అక్క అయితే, "మీ బావ దాన్ని మంచినీళ్ల జగ్గుకి ఆనించి ఎదురుగా పెట్టుకుని అన్నం తింటున్నార్రా, కొరియర్ ఇచ్చేవాడికి కూడా చూపించారు" అని చెప్పింది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

శుక్రవారం అచ్చుకు వెళ్తుంది. లోపల చివరి పేజీలో ఒక్క లైను మాత్రం నింపాల్సి ఉంది. దానికి నువ్వు కావాలి. ఏ లైనో కింద రాస్తాను. ఇంకా చాలా సంగతులున్నాయి గానీ ముందు వీటిని అరిగించుకో. అక్కకి నా ప్రేమ, నీ మోకాళ్లకి నా సానుభూతి.

ఇట్లు,
నీ వెనకాల నడిచిన
బావమరిది

తా.క. మా పనిలో ఒక అలవాటుంది. అట్టకి తగిన ఫొటో దొరకనప్పుడు, ఎలాంటిది కావాలో చూపించడానికి చేతికందిన ఇంకో ఫొటో పెట్టి నమూనా చేస్తాం. అసలుది దొరికాక అది తీసేస్తాం. మూడో నమూనా అలాంటిది. "ఇంత ఆకాశం ఉన్న ఫొటో ఆయన దగ్గర ఒక్కటైనా ఉందేమో వెతికించమ్మా" అని అడగడానికి పెట్టాను. దాని వెనక 'ఫొటో తాత్కాలికం' అని రాసే ఉంది. నువ్వు తిప్పి చూడలేదు. అక్షరాలు ఎప్పుడు చదివావు గనక? నీ మాటలు చెప్పిన వెంటనే ఆ అమ్మాయికి నిజం చెప్పేశాను. పాపం, వెంటనే నీకు ఫోన్ చెయ్యబోయింది. నీకు నేనే చెప్పాలని ఆగమన్నాను.

ఆ ఫొటో నాది. క్లబ్బు పోటీలో నువ్వు పోస్టరన్నది దాన్నే. ఆ పొద్దున నీకు గుర్తుందన్న మాట అబద్ధం కాదు. నీ వేళ్లు కొంకర్లు పోయింది నిజమే, నేను చూశాను. జగ్గుకి ఆనించిన ఆ అట్ట ఇంకోసారి చూడు. మూలన నడిచిపోతున్న మనిషి కుడిభుజం చూడు, సంచీ బరువుకి ఎలా వాలిపోయిందో. అక్కని పిలిచి చూపించు, ఆవిడ చిరుగుతో సహా గుర్తుపడుతుంది. నీ వీపు నువ్వే ఎలా తీసుకున్నావు బావా?

అక్షరాలు వెయ్యడం మర్చిపోయానన్నావు కదా. ఇప్పుడు వేశాను. నీ పేరే వేశాను.

ఫొటో వద్దంటే తీసేసి ముసలావిడకి మళ్లీ కట్టు కడతాను, కోపం తెచ్చుకోను. ఉండమంటే, చివరి పేజీలో 'అట్ట మీది ఫొటో' అన్నచోట ఎవరి పేరు వెయ్యాలో శుక్రవారంలోగా ఫోన్ చేసి చెప్పు. ఫోను అక్కకి ఇవ్వకు. పేరు చెప్పే ముందు, అది ఫొటోనో పోస్టరో కూడా నీ నోటితో చెప్పు.