లొంగి లేచిన పధ్నాలుగు

మండపేట,
ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి మీ దుర్గాశ్రీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. సింధనూరు రైసుమిల్లులో మీ ఒంట్లో బాగుందని తలుస్తాను. ఫోనులో అయితే మిల్లు చప్పుడుకి నా మాట సగమే మీకు చేరుతుంది. ఈ సంగతి సగం చేరితే ప్రమాదం. అందుకే ఉత్తరం.

"ఆ వైరస్ నీకు అంటుకోదు కదా" అని కిందటిసారి అడిగారు. అంటుకోదండి, అది అలసంద మొక్కలకు వచ్చేది. దాని పైపెంకును కాప్సిడ్ అంటారు. ఆ పెంకు నొక్కితే ఎంత లొంగుతుందో కొలవడం రాజమండ్రి ల్యాబులో నా పని. దీన్ని 'గట్టిదనం' అంటే చాలదు, 'బిగువు' అనాలని వారం రోజులు ఆలోచించి తేల్చుకున్నాను. మా గైడు శ్రీసుధ మేడం నవ్వారు గానీ కాదనలేదు.

అంత చిన్నదాన్ని ఎలా నొక్కుతావనీ అడిగారు. మా మైక్రోస్కోపు చూసేది కాదు, తడిమేది. సన్నని రేకు చివర సూదిమొన ఉంటుంది. అది నీటిలో పెంకును తాకి మెల్లగా నొక్కుతుంది. రేకు ఎంత వంగిందో లేజరు పట్టుకుంటుంది, కంప్యూటరు గీత గీస్తుంది. గీత నిటారుగా లేస్తే బిగువు ఎక్కువ, వాలితే తక్కువ. వీధిలో లారీ వెళ్తే చాలు, గీత వణికిపోతుంది.

ఇక అసలు సంగతి. అరవై పెంకులు నొక్కాను. నలభై ఆరు ఒక్క తీరుగా వచ్చాయి. పధ్నాలుగు మాత్రం మెత్తగా ఉన్నాయి. నా చేతిలో నలిగాయనుకున్నాను. బియ్యం నాణ్యం చూసేముందు నూకలు ఏరెయ్యాలని మీరు నేర్పారు కదా, అలాగే ఏరేశాను. మేడంకి ఇచ్చిన పట్టికలో అవి లేవు. విశాఖ సదస్సుకి మేడం ఆ పట్టికతోనే మా పత్రం పంపి, నన్నే మాట్లాడమన్నారు.

పోయిన సోమవారం పాత గీతలు తిరగేస్తుంటే నా తప్పు కనబడింది. ఆ పధ్నాలుగూ నొక్కినప్పుడు లొంగి, సూది తీయగానే మునుపటి ఎత్తుకు లేచాయి. నలిగినవైతే లేవవు. బహుశా అవి లోపల సరుకు లేని ఖాళీ పెంకులు. అంటే నేను పారేసింది చెత్తను కాదు, వేరే రకాన్ని. మూడు రోజులు నోరు మెదపలేదు నాన్నగారూ. గురువారం చెప్పాను.

"ఎవరు తీసెయ్యమన్నారమ్మా?" అన్నారు మేడం.

"ఎవరూ అనలేదండి. నూకలనుకున్నానండి."

గాజుసామాను కడుగుతున్న అటెండరు బుజ్జిబాబు గారు ఊరుకుంటారా! "మిల్లోళ్ళమ్మాయి కదండీ మేడం, జల్లెడ పట్టకుండా ఉంటదేంటండి!"

మేడం నవ్వలేదు. "సోమవారమే చెప్పుంటే మార్చి పంపేదాన్ని కదమ్మా. మార్పులకి గడువు నిన్నటితో అయిపోయింది" అని, నా ఎదురుగానే మా పత్రం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి పంపారు. ఖాళీ పెంకులు విడిగా తయారుచేసుకుని మొత్తం మళ్ళీ మొదటినుంచి కొలవమన్నారు. తప్పుకన్నా ఆ మూడు రోజులే నన్ను ఎక్కువ బాధిస్తున్నాయి.

నా ప్రసంగానికి రావాలని మీరు సెలవు పెట్టారట, మిల్లంతా చెప్పారట. అమ్మ చెప్పింది. సెలవు రద్దు చేసుకోండి. మిల్లులో సత్తియ్య బాబాయి అడిగితే సదస్సు వాయిదా పడిందని మీరు అనేస్తారు, నాకు తెలుసు. అలా అనకండి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, భోజనాలకి మిల్లు ఆపినప్పుడు ఫోను చేస్తాను. స్పీకరు పెట్టి అందరి మధ్యా ఉంచండి. ఏం చేశానో నేనే చెబుతాను.

ఇట్లు,
మీ కూతురు
దుర్గాశ్రీ