ఐదుగురం వస్తున్నం

బెల్లంపల్లి,
10 ఫిబ్రవరి 1957

ప్రభువునందు ప్రియమైన ప్రేమమ్మ అక్కకు, అలసట తప్ప అన్నీ మంచిగనే ఉన్న నీ తమ్ముడు అహరోను చెప్పి రాయించేది.

అక్కా, నాకు తెలుగు అక్షరం రాదు, నీకు ఉర్దూ రాదు. ఒక్క తల్లి కడుపున పుట్టి కూడా మన ఉత్తరానికి మధ్యల ఒక మనిషి కావాలె. ఇది రాస్తున్నది మా ఎస్తేరు. నువ్వు రాసింది నాకు చదివి వినిపించేది కూడా అదే.

సంగతేమంటే, ఇక్కడి నుంచి ఎత్తేసి కరీంనగర్ వద్దామనుకుంటున్న. పిల్లల ముందటి బతుకు కోసం. పదహారేండ్ల నుంచి బొగ్గు బాయి మీద కూర్చొని హాజరు వేస్తున్న. పొద్దున దిగేటోళ్ల పేర్లు, సాయంత్రం ఎక్కేటోళ్ల పేర్లు. మా పెద్దోడు పౌలు ఎనిమిదో తరగతి ఒకసారి తప్పిండు. ఈసారి కూడా ఆశ లేదు. "ఎందుకు ఫికర్ జేస్తవ్ అహరోనూ? పిలగాడు జర పెద్దగ కాంగనే బాయిల దిగుతడు తియ్యి" అంటుండ్రు ఇక్కడోళ్లు. వాళ్లు నా మంచికే అంటుండ్రు. కానీ ఆ హాజరు పుస్తకంలో నా కొడుకు పేరు నా చేత్తో రాసుడు నాకు ఇష్టం లేదక్కా. చిన్నోడు తీతు మూడో తరగతి. వాడికింకా ఏ బుద్ధీ రాలే, అదే నయం.

ముందటి బతుకంటే నాకు భయమే. మన బాపు నన్ను ఉర్దూ బడిలో వేసి, "గీ నిజాం సర్కారు ఉన్నన్ని దినాలు నీకు ఢోకా లేదురా" అన్నడు. ఆయన మాట నిజమే. సర్కారే ఉండలే.

కరీంనగర్లో ఒక కర్రల డిపో సేటు ఇప్పటికీ ఉర్దూలోనే పుస్తకాలు రాయిస్తుండట. నన్ను రమ్మన్నడు. ఆయనకు డెబ్బై రెండేండ్లు. ఆయన ఆరోగ్యం కోసం మీ సంఘంలో ప్రార్థన పెట్టించు.

ఒక ఇల్లు చూడు. మగపిల్లల బడి ఎంత దూరమో రాయి. ఆడపిల్లల హైస్కూలు ఎంత దూరం? ఎనిమిదిలో ఎప్పుడు చేర్చుకుంటరు? లెక్కలు చెప్పే పంతులమ్మ ఉన్నదా? కొడుతదా? సైన్సుకు వేరే గది ఉన్నదా? పుస్తకాలు ఇంటికిస్తరా? వానకు కప్పు కురుస్తదా? ఇవన్నీ తండ్రిగా నాకు తెలియాలె. మేం ఐదుగురం వస్తం.

ఇట్లు,
నీ తమ్ముడు అహరోను

తా.క. మా ఎస్తేరు ఏడో తరగతిలో అన్నిట్లో మొదటిది. అది తన గొప్ప తాను చెప్పుకునే పిల్ల కాదు, అందుకని నేనే చెప్తున్న.

*

కరీంనగర్,
19 ఫిబ్రవరి 1957

తమ్ముడు అహరోనుకు, మోకాళ్లు తప్ప మిగిలినవన్నీ ప్రభువు చల్లగ చూస్తున్న నీ అక్క ప్రేమమ్మ రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఓరి గాడిదా, మగపిల్లల బడి గురించి ఒక్క మాట, ఆడపిల్లల బడి గురించి ఏడు ప్రశ్నలా? ఎస్తేరు పుట్టిన నాడు ఆడపిల్ల అని రెండు పూటలు అన్నం ముట్టని మనిషివి నువ్వు. ఎప్పుడు మారినవ్?

మారితే మంచిదే. చిన్నప్పుడు నిన్ను బడికి పంపిన్రు, నన్ను మేకలెంట పంపిన్రు. ఇరవై రెండేండ్లకు, అదీ మొగుడు పోయినంక, మిషను అమ్మగారు ఆరు నెలలు కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పింది. ఆ అక్షరాలు పట్టుకొనే ముప్పై ఏండ్లు ఊరూరు నడిచి దేవుని వాక్యం చెప్పిన, నా బువ్వ నేను తిన్న. ఆ నడకంతా ఇప్పుడు మోకాళ్లలో కూర్చున్నది. మేకలు కాస్తే కూడా ఇంత నడిచేదాన్నేమో, కానీ ఎవ్వరూ నన్ను అమ్మా అని పిలిచేటోళ్లు కాదు.

దేవవ్వ ఇంట్లో వెనుక భాగం ఖాళీ ఉన్నది, రెండు అర్రలు. ఐదుగురికి సరిపోతది, ఊపిరి కొంచెం తక్కువ పీల్చుకుంటే. ఆడపిల్లల బడి మూల మలుపులోనే. లెక్కల పంతులమ్మ ఉన్నది. కొట్టదట, చూస్తదట, అదే చాలట. వాన సంగతి వానాకాలంలో చెప్త.

నీ అక్క,
ప్రేమమ్మ

తా.క. మోషేకు నోరు తిరగకపోతే అహరోను ఆయన తరఫున మాట్లాడిండని ఇన్నేండ్లు ఊరూరా చెప్పిన. మన ఇంట్లో అహరోనుకే నోరు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

*

బెల్లంపల్లి,
2 మార్చి 1957

ప్రియమైన అక్కకు, పొద్దున లేచిందే అలిసిపోయి లేచిన తమ్ముడు అహరోను వందనాలు.

ఆ ఇల్లు పట్టి ఉంచు. ఇంకా మనసు కుదురుతలేదు. తక్కెడలో ఇటు దిక్కు కంపెనీ క్వార్టరు, పైస పెట్టకుండ ఫుకట్ బొగ్గు, ఫుకట్ దవాఖాన. అటు దిక్కు పిల్లల చదువు. ఇటు చూస్తే కడుపు నిండుతది, అటు చూస్తే ఏమైతదో ఎవరికెరుక. ఆనందమ్మను అడిగితే "నీ ఇష్టం" అంటది. పదిహేడేండ్ల కాపురంలో ఆ మాటకు మంచి అర్థం నేను ఒక్కసారి కూడా చూడలే.

ఎప్పుడు మారినవని అడిగినవ్. మనిషి మారడా అక్కా? సౌలు మారి పౌలు కాలేదా? మా పౌలు ఒక్కడే మారుతలేడు.

ఇట్లు,
అహరోను

తా.క. బడిలో చేరే దరఖాస్తు కాగితం ఒకటి పంపు. పౌలుకు కాదు.

*

కరీంనగర్,
12 మార్చి 1957

అహరోనుకు, కోపంతో ఉన్న అక్క రాసేది.

మీ బాయిల పనిచేసే ముత్యం నిన్న చుట్టాలింటికి వచ్చి నన్ను కూడా చూసిపోయిండు. "అహరోను, ఇద్దరు పిలగాండ్లు, ముగ్గురే వస్తుండ్రు అవ్వా. ఆయన భార్య, బిడ్డ ధర్మపురి దిక్కు తల్లిగారింటికి పోతుండ్రు" అన్నడు. నువ్వేమో ఐదుగురమని రాయిస్తవ్. ఉత్తరంలో ఐదుగురు, ముత్యం నోట్లో ముగ్గురు. ఆ ఇద్దరు ఏమైన్రు?

నాకు అర్థమైంది. పెండ్లాంతోని పడక, ఆమెను ఇంట్లో నుంచి ఎల్లగొడుతున్నవ్. సిగ్గుతో నా దగ్గర దాస్తున్నవ్. దేవుడు జతపరచినవారిని వేరుచేయడానికి నువ్వెవరివిరా గాడిదా? మీ ఇద్దరిని కలపమని మా సంఘం అయ్యగారిని శనివారం బండికి పంపుతున్న. ఆయనెంట రెండు నీలం ఓణీలు, ఒక కంపాసు డబ్బా, నువ్వు అడిగిన దరఖాస్తు పంపుతున్న. నా మేనకోడలు ఎక్కడున్నా చదువుకోవాలె.

నీ అక్క

తా.క. అయ్యగారి ప్రార్థన పొడుగు. అన్నం ముందే పెట్టండి.

*

బెల్లంపల్లి,
20 మార్చి 1957

ప్రియమైన అక్కకు, నిన్నమొన్నటిదాకా మంచిగ కాపురం చేసుకుంటున్న తమ్ముడు అహరోను రాయించేది.

అయ్యగారు వచ్చిండ్రు. నన్ను, ఆనందమ్మను ఎదురెదురుగ కూర్చోబెట్టి, "ఒకరి తప్పులొకరు మనసు విప్పి చెప్పుకోండ్రి, క్షమించుకోండ్రి" అన్నరు. ఏం తప్పులయ్యా అన్న నేను. ఆనందమ్మకు పదిహేడేండ్లవి గుర్తున్నయి. వరుసగ చెప్పింది. అయ్యగారు నడుమ ఒకసారి నీళ్లు అడిగి తాగి, మళ్లా విన్నరు. మేం ఆయన రాకముందు కొట్లాడుకోలేదక్కా. ఆమెన్ అన్నంక కొట్లాడుకున్నం. ఇప్పుడు ఆమె నాతో మాట్లాడుతలేదు. అయ్యగారు సంతోషంగ తిరిగి వచ్చిండ్రా?

ముత్యం మాట నమ్మకు. బాయిల మందు పేలి పేలి ఆయన చెవులు సగం పోయినయి. ఐదన్నా ముగ్గురనే వినబడుతది.

ఇట్లు,
అహరోను

తా.క. ఓణీల పొడుగు సరిగ్గ సరిపోయింది.

*

కరీంనగర్,
4 మే 1957

అహరోనుకు అక్క కార్డు. అయ్యగారు మీ ఇంటి నుంచి వచ్చినంక పెండ్లిళ్ల మీద ప్రసంగం చెప్పుడు బంద్ చేసిండ్రు. దేవవ్వకు వేరే కిరాయిదారు దొరికిండు, ఇంకా మాట ఇయ్యలే. నాకు కథలొద్దు. వస్తున్నరా లేదా? ముగ్గురా, ఐదుగురా? ఒక్క అంకె వేసి పంపు. నా ఓపిక అయిపోయింది. ప్రేమమ్మ.

*

బెల్లంపల్లి,
12 మే 1957

ప్రియమైన అక్కకు వందనాలు.

బాగా ఆలోచించిన. బడులు తెరవకముందే ఐదుగురం వస్తున్నం. దేవవ్వకు గట్టిగ చెప్పు. ఎస్తేరు దరఖాస్తు నింపి దీంట్లోనే పెట్టిన. రేపే బడిలో ఇయ్యి.

ఇట్లు,
నీ తమ్ముడు అహరోను

తా.క. జవాబు రాసే పని లేదు. అసలు రాయకపోతేనే మంచిది.

*

బెల్లంపల్లి,
18 మే 1957

అక్కకు అహరోను రాసేది. రాయించేది కాదు. రాసేది.

అక్షరాలు వంకర ఉన్నయి. తప్పులుంటె మన్నించు. ఇది రాయడానికి నాకు నాలుగు దినాలు పట్టింది.

అయ్యగారు వచ్చిన నాడు నన్ను పక్కకు పిలిచి, "ఐదుగురం అని రాసి ముగ్గురే పోవుడు ధర్మమా?" అని అడిగిండ్రు. నేను పిలగాండ్లను తీసుకొని ముగ్గురమే వస్తమని చెప్పి రాయించిన కదా, ఐదుగురమని ఎవరు రాసిన్రు అనుకున్న. అంతకుముందే ఓణీలెందుకని ఎస్తేరును అడిగిన. కొత్తింటి కిటికీలకు పరదాలు అని నీ ఉత్తరంలో ఉన్నదని చదివింది. మరి కంపాసు డబ్బా? అది పౌలుకు అన్నది. పౌలు ఆ డబ్బాను భయంతో చూసిండు. అప్పుడే నాకు అనుమానం.

అడిగితే ఏడుస్తదని అడగలే. తీతు వాచకం తీసుకపోయి, హాజరు గదిలో షిఫ్టుకు షిఫ్టుకు నడుమ నేర్చుకున్న. ఈస్టరు ముందు దినాల్లో అందరూ మాంసం విడిచిన్రు, నేను సిగ్గు విడిచిన. నలభై ఒక్క ఏండ్లకు అ ఆ దిద్దిన. బాయి దిగేటోళ్లు చూసి నవ్విన్రు. తర్వాత ఇద్దరు నాతో కూర్చొని దిద్దిన్రు.

మొన్న పౌలు మళ్లీ తప్పిండని తెలిసింది. పానం విసిగింది. ఇంక ఎవరి కోసం పోవాలె, ఇక్కడనే పడి ఉందాం అనిపించింది. ఎస్తేరును కూర్చోబెట్టి "అక్కా, మేం వస్తలేం, ఇల్లు విడిచిపెట్టు" అని రాయుమన్న. రాసింది. కలం ఎక్కడా ఆగలే. కండ్ల నీళ్లు కాగితం మీద పడకుండ తల పక్కకు పెట్టి రాసింది. నేను వెనుక నిలబడి చదివిన. కూడబలుక్కొని చదివిన.

ఐదుగురం వస్తున్నం.

నా అంతట నేను చదివిన మొదటి ఉత్తరం ముక్క అదే అక్కా. ఎవరి కోసం పోవాలె అని నేను పరేషాన్ అవుతుంటే, ఆ పిల్ల నా ముందల కూర్చొని నా ఉత్తరమే రాస్తున్నది. పదహారేండ్లు వేల మందికి హాజరు వేసిన. రోజూ నా ఎదురుగ కూర్చున్న పేరు ఒక్కటి వేయలే. నాకు చాలా సిగ్గయింది. బాధ కూడ అయింది.

ఆ కాగితం తీసుకున్న. మడిచి, నేనే తీసుకపోయి తపాలా డబ్బాలో వేసిన. దరఖాస్తులో తండ్రి సంతకం కూడ అదే పెట్టింది. నా సంతకం కంటే బాగున్నది. ఉండనియ్యి. రాజు పేరు మీద ఎస్తేరు తనకు నచ్చిన తాకీదు రాసి ముద్ర వేసిందని బైబిల్లో ఉన్నది. ఈ పేరు పెట్టింది నువ్వే.

అది రాసిందే ఖాయం. వస్తున్నం. సేటు ఆరోగ్యానికి ప్రార్థన ఆపకు.

నీ తమ్ముడు
అహరోను

తా.క. నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదువుకున్న. నువ్వు నన్ను ప్రతిసారి "నా బంగారు తమ్మీ" అంటున్నవని ఇన్ని దినాలు మురిసిన. అక్కడ "గాడిదా" అని ఉన్నది. నాకు చదువు వచ్చిందని ఎస్తేరుకు చెప్పకు, ఉత్తరంలో అసలే రాయకు. నీ ఉత్తరాలు అది చదివితేనే బాగుంటయి.